మాన్యువల్ లైసెన్సు కింద మూడు ఊళ్ళు

నేను సీ లాంగ్వేజీ నేర్చుకున్నది తెనాలిలో. 2001 వేసవి, ఇంటర్ పరీక్షలు అయిపోయిన రోజులు. రేపల్లెలో పొద్దున్నే పాసింజరు ఎక్కితే భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి. ఇన్‌స్టిట్యూట్ ఒక మేడ మీద ఉండేది. నాలుగు కంప్యూటర్లు, వాటి చుట్టూ ఇరవై మందిమి. పుస్తకం కొనమని సార్ ఎప్పుడూ అనలేదు. మొదటిరోజే తలా ఒక స్పైరల్ బైండింగ్ కట్ట ఇచ్చారు. అంతా జిరాక్సు. పేజీ పేజీకీ అక్షరాల తీరు మారిపోయేది. 43వ పేజీ తర్వాత 112 వచ్చేది, దాని తర్వాత 9. మూడు నాలుగు పుస్తకాల్లోంచి ఉదాహరణ ప్రోగ్రాములు మాత్రం ఏరి, వివరణలన్నీ వదిలేసి కట్టిన కట్ట అది. అట్ట మీద ఇన్‌స్టిట్యూట్ పేరు, ఫోన్ నంబరు, కింద ఇంగ్లీషులో ఒక లైను: సర్వహక్కులు మావే, అనుమతి లేకుండా ఏ భాగాన్నీ కాపీ చేయరాదు.

అప్పుడు నవ్వు రాలేదు. ఆ లైను చదివితే కదా నవ్వొచ్చేది.

తర్వాత ఇంజినీరింగ్, బాపట్ల వైపు. అక్కడ ల్యాబ్ రికార్డు అనే ఒక వస్తువు పరిచయమైంది. ఎడమ పేజీలో ఫ్లోచార్టు, కుడి పేజీలో ప్రోగ్రాము, చివర అవుట్‌పుట్. సీనియర్ దగ్గర రికార్డు అడిగి తెచ్చుకుని ("అన్నా, రెండ్రోజుల్లో ఇచ్చేస్తా"), రాత్రికి రాత్రి దించేయడం. ఆ సీనియర్ కూడా తన సీనియర్ దగ్గర అలాగే దించాడు. మూలం వెతుక్కుంటూ వెనక్కి పోతే ఎక్కడో ఒక పాఠ్యపుస్తకం తగులుతుంది, దాని వెనక కెర్నిగన్, రిచీ రాసిన 1978 నాటి సీ పుస్తకం. రికార్డు మొదటి పేజీలో మాత్రం సర్టిఫికెట్ ఉంటుంది: ఇది ఫలానా విద్యార్థి స్వయంగా చేసిన పని. కింద సంతకం, ముద్ర.

దీన్ని దొంగతనం అనడానికి నాకు మనసొప్పదు. ఉదాహరణ అన్నది ఎత్తి రాసుకోవడానికే ఉంటుంది. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష రాసినప్పటి నుంచీ, అది పెద్ద బాలశిక్ష అయ్యి ఊరూరా అచ్చయ్యి, ఎవరికి తోచింది వాళ్ళు కలుపుకుంటూ పోయినప్పుడు కూడా, ఇదెవరి సొత్తు అని ఎవరూ పెద్దగా అడిగినట్టు లేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకున్న దస్తావేజు లేఖరి, హక్కుభుక్తాల గురించి రాసే ఆ పొడుగాటి వాక్యాన్ని తాను పుట్టించలేదు. తన గురువు దగ్గర దించుకున్నాడు. ప్రపంచంలో ఆస్తి హక్కులన్నీ రాసిపెట్టే ఆ వాక్యం మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. కోడ్‌లో ఉదాహరణ కూడా అలాంటిదే అనుకున్నాం. కాదని తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది.

చట్టం ఏమంటుందో ముందు చెప్పాలి, సాహిత్యం చదివేవాళ్ళకి ఇది కాస్త వింతగా ఉంటుంది కూడా. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1984లో దాన్ని సవరించి కంప్యూటర్ ప్రోగ్రాముని "సాహిత్య కృతి" నిర్వచనంలో చేర్చారు. అంటే తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు కథా, మా రికార్డులోని బబుల్ సార్టూ చట్టం బీరువాలో ఒకే అరలో ఉంటాయి. రెండింటికీ గడువు ఒకటే, రచయిత బతికినంత కాలం, పోయాక 60 ఏళ్ళు. కుటుంబరావు 1980లో పోయారు, ఆయన రచనల మీద హక్కు 2040 చివరిదాకా ఉంటుంది. ఇవాళ ఒక కుర్రాడు మాన్యువల్లో రాసిన పన్నెండు లైన్ల ఉదాహరణకి సిద్ధాంతరీత్యా అంతకంటే ఎక్కువ ఆయుష్షు ఉంది. ఆ లాంగ్వేజీ అప్పటిదాకా బతికి ఉంటుందా అన్నది చట్టానికి అనవసరం.

ఇంకో చోట ఆ అర రెండుగా చీలుతుంది. సొంత చదువుకీ పరిశోధనకీ న్యాయంగా వాడుకోవచ్చని 52వ సెక్షన్లో మొదటి వెసులుబాటు ఉంది కదా, అందులో ఒక చిన్న మినహాయింపు: కంప్యూటర్ ప్రోగ్రాము తప్ప. కుటుంబరావు కథ ఒకటి చదువుకోసం జిరాక్స్ తీసుకుంటే ఆ క్లాజు నీ పక్కన నిలబడుతుంది. బబుల్ సార్ట్ తీసుకుంటే నిలబడదు. ప్రోగ్రాములకి వేరే క్లాజులు పెట్టారు. సక్రమంగా సంపాదించిన ప్రతి నుంచి సొంత వాడకానికి, లాభాపేక్ష లేకుండా నకలు చేసుకోవచ్చు. ప్రోగ్రాము పనిచేసే తీరుని గమనించి, దాని వెనక ఉన్న సూత్రాన్ని తెలుసుకోవచ్చు. సీనియర్ రికార్డు "సక్రమంగా సంపాదించిన ప్రతి" అవుతుందా అని అడిగితే ఏ ప్లీడరు గారైనా గొంతు సవరించుకుంటారు. మమ్మల్ని కాపాడేది మరో క్లాజు. పాఠం చెప్పే క్రమంలో గురువు గానీ శిష్యుడు గానీ ఏ కృతినైనా నకలు చేయవచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్సు కేసులో 2016లో హైకోర్టు విశాలంగా చదివింది ఈ క్లాజునే. మరీ చిన్న ముక్క, ఎవరు రాసినా అలాగే వచ్చే ముక్క అయితే దానికి అసలు రక్షణే ఉండదు. కనీసపు సృజన ఉండాలని సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007 డిసెంబరులోనే చెప్పింది. కాబట్టి "హలో వరల్డ్" కోసం ఎవరూ జైలుకి పోరు. ఇబ్బందంతా ఇరవై ముప్ఫై లైన్ల దగ్గర మొదలవుతుంది. మళ్ళీ రాయడానికి బద్ధకించేంత పొడవు, ఒకరి తెలివి కనిపించేంత పొడవు.

ఆ పొడవు దగ్గర కాపలా కూర్చున్న పుస్తకాల్లో అందరికంటే పేరున్నది "న్యూమరికల్ రెసిపీస్". 1986లో కేంబ్రిడ్జి వాళ్ళు వేశారు. పేరులోనే వంటకాలు. సమీకరణాలు సాధించడం, వక్రరేఖలు అతికించడం, ప్రతిదానికీ ఒక విధానం, దాని పక్కనే నడిచే కోడ్. శాస్త్రవేత్తలు కళ్ళకద్దుకున్నారు. తీరా వంటకం ఎలా వాడాలో చూస్తే నిబంధన ఇది: పుస్తకం కొన్నవాడు తన చేత్తో టైపు చేసుకుంటే ఒక్క కంప్యూటర్లో వాడుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వకూడదు. 2007 నాటి మూడో ముద్రణలో చేత్తో టైపు చేసుకునేవాటికి కూడా లెక్క పెట్టారు, పదికి మించకూడదని. వంటల పుస్తకం కొనుక్కో, వండుకుని తిను, పక్కింటికి గిన్నెలో పెట్టి పంపకు అన్నట్టు. పుస్తకం రాసినవాళ్ళ వైపు కూడా న్యాయం ఉంది. కోడ్ ఉచితమైపోతే పుస్తకం ఎవరు కొంటారన్నది వాళ్ళ భయం. కానీ సైన్సులో ఒకరి లెక్కని మరొకరు సరిచూడాలి, సరిచూడాలంటే ప్రోగ్రాము చేతులు మారాలి. 1996లో లాస్ అలామోస్ పరిశోధకులు మార్క్ గలాసీ, జేమ్స్ థైలర్ గ్నూ సైంటిఫిక్ లైబ్రరీ మొదలుపెట్టడానికి ఇలాంటి చిక్కులు కూడా కారణం. అందరూ మార్చుకోగల, పంచుకోగల గణిత కోడ్ కావాలి, అదీ సంగతి.

మిగతా కంపెనీల సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. జావా తయారుచేసిన సన్ కంపెనీ తన నమూనా కోడ్ చాలా ఉదారంగానే ఇచ్చేది, కాకపోతే ఆ లైసెన్సు చివర్లో ఈ కోడ్ అణుకేంద్రాల నిర్మాణానికి, నిర్వహణకి ఉద్దేశించినది కాదని ఒప్పుకోవాలని ఉండేది. బటన్ నొక్కితే రంగు మారే పదిహేను లైన్ల ఉదాహరణకి కూడా.

నా కథలో మలుపు ఇవేవీ కాదు. 2011లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో పని. మేం లోపల వాడుకునే ఒక పనిముట్టుని జీపీఎల్ కింద, అంటే ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా విడుదల చేద్దామనుకున్నాం. విడుదలకి ముందు ఎవరి కోడ్ ఎక్కడిదో చూసే తనిఖీ ఒకటి జరిగింది. నేను రాసిన ఫైల్లో ముప్ఫై లైన్ల దగ్గర ఎర్రగీత పడింది. అది గ్నూ వాళ్ళ మాన్యువల్లోని ఉదాహరణ, నేనే ఎత్తి పెట్టాను. గ్నూ వాళ్ళదే కదా, మనమూ గ్నూ లైసెన్సే కదా, ఇందులో తంటా ఏముంది అన్నాను. పక్క సీటు చీరాల అబ్బాయి తన స్క్రీన్ నా వైపు తిప్పాడు. "ప్రోగ్రాము లైసెన్సు వేరు, మాన్యువల్ లైసెన్సు వేరు. ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి కలవవు బాసూ."

నిజమే. రిచర్డ్ స్టాల్మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2000 మార్చిలో మాన్యువళ్ళ కోసం విడిగా ఒక లైసెన్సు తెచ్చింది. గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు, పొడి అక్షరాల్లో జీఎఫ్‌డీఎల్. స్వేచ్ఛగా ఉన్న సాఫ్ట్‌వేర్‌కి స్వేచ్ఛగా ఉన్న మాన్యువల్ లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ సగమే అని స్టాల్మన్ వాదన, అందులో తప్పు లేదు. కానీ పుస్తకాల ప్రచురణకర్తలని కూడా ఇటు రప్పించాలని ఇందులో కొన్ని సౌకర్యాలు కలిపారు. రచయిత కొన్ని అధ్యాయాలని "మార్చరానివి" అని ప్రకటించవచ్చు. ముందట్ట మీద, వెనకట్ట మీద ఫలానా మాటలు ఉండి తీరాలని పెట్టవచ్చు. పుస్తకానికి సరే. పుస్తకంలోంచి ఒక ఉదాహరణ తీసుకుని ప్రోగ్రాములో పెడితే, ప్రోగ్రాముకి అట్ట ఎక్కడుంటుంది? జీపీఎల్ ఏమో తనలో చేరినదేదైనా తన షరతుల కిందే ఉండాలంటుంది, అదనపు షరతు ఒక్కటి ఉన్నా ఒప్పుకోదు. ఒకే ఇంట్లో పుట్టిన రెండు లైసెన్సులు, ఇద్దరూ స్వేచ్ఛ పేరే చెబుతారు, ఒక కంచంలో తినరు.

రాసినవాళ్ళకి ఇది తెలియక కాదు. ఆ లైసెన్సు చివర, ఎలా వాడాలో చెప్పే అనుబంధంలో, ఒక సలహా ఉంది. మీ పత్రంలో చెప్పుకోదగ్గ ఉదాహరణ కోడ్ ఉంటే దాన్ని విడిగా జీపీఎల్ లాంటి సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద కూడా విడుదల చేయండి, అప్పుడే అది ప్రోగ్రాముల్లో పనికొస్తుంది అని. సలహా మాత్రమే. వివాహ పత్రిక అడుగున "భోజనం మీరే తెచ్చుకోండి" అన్నట్టుంటుంది నాకు. ఉదాహరణ రాసేదే వాడుకోవడానికి అయినప్పుడు ఆ మాట అనుబంధంలో, సలహాగా ఎందుకుండాలి? 2006 మార్చిలో డెబియన్ అనే పెద్ద స్వచ్ఛంద బృందం ఈ లైసెన్సు మీద ఓటింగే పెట్టింది. మార్చరాని భాగాలు లేకపోతే స్వేచ్ఛే, ఉంటే కాదు అని తేల్చారు. ఫలితంగా గ్నూ వాళ్ళ ఈమాక్స్ మాన్యువల్ లాంటివి "స్వేచ్ఛ లేనివి" అనే అరలోకి వెళ్ళిపోయాయి.

మా ముప్ఫై లైన్లనీ తీసేశాం. ఆ మాన్యువల్ ఎప్పుడూ చూడని ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, ఏం కావాలో మాటల్లో చెప్పి మళ్ళీ రాయించాం. ఒక మధ్యాహ్నం పని. నష్టమేమీ లేదు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. జీఎఫ్‌డీఎల్ అన్న పేరు నేను అంతకుముందే చూశాను. మాన్యువల్లో కాదు. మా ఊరి పేజీ అడుగున.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, వెన్న నాగార్జున చొరవతో. ఇంగ్లీషు వికీపీడియా అప్పటికి మూడేళ్ళది. 2001 జనవరిలో అది మొదలయ్యే నాటికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఇంకా పుట్టలేదు, 2002 డిసెంబరులో గానీ అవి రాలేదు. రాతల్ని అందరూ పంచుకునేలా, మార్చుకునేలా ఇవ్వాలంటే పేరున్న దారి ఆ మాన్యువళ్ళ లైసెన్సే. దాన్నే తీసుకున్నారు. తెలుగు వికీపీడియాకి అది వారసత్వంగా వచ్చింది. ఆ విధంగా, సాఫ్ట్‌వేర్ ఎలా నడపాలో చెప్పే పుస్తకాల కోసం బోస్టన్‌లో కూర్చుని రాసిన షరతుల కిందకి, తెనాలి గురించీ బాపట్ల గురించీ రేపల్లె గురించీ మనవాళ్ళు తెలుగులో రాసుకున్న వాక్యాలు వచ్చి చేరాయి. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగిందన్న వాక్యమైనా, రేపల్లెకి రైలు ఎటునుంచి వస్తుందన్న వాక్యమైనా, చట్టం దృష్టిలో ఒక మాన్యువల్లో పేజీలు.

ఇక్కడ ఒక తేదీ నాకు చాలా ఇష్టం. తెనాలిలో ప్లీడరీ చేసి, ఆ పురపాలక సంఘానికి ఛైర్మన్‌గా ఉన్న కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి 1943 జనవరిలో పోయారు. లెక్క వేస్తే ఆయన రచనల మీద కాపీరైట్ 2003 డిసెంబరు 31 అర్ధరాత్రికి ముగిసింది. తెలుగు వికీ పుట్టిన నెలలోనే. సూతపురాణం ఏ షరతూ లేకుండా జనానికి వచ్చేసిన రోజుకి, ఆయన ఉన్న ఊరి గురించి కొత్తగా రాసే నాలుగు లైన్లకి మాత్రం షరతుల కట్ట తగులుకుని ఉంది.

ఎంత కట్టో చూడండి. 2007లో నేను లేఖినిలో టైపు చేసి రేపల్లె పేజీలో ఒక పేరా చేర్చాను, తెనాలి నుంచి వచ్చే రైలు గురించి. మార్పు భద్రపరచే బొత్తం దగ్గరే ఉండేది, మీ రచనని జీఎఫ్‌డీఎల్ కింద విడుదల చేస్తున్నారని. నొక్కేశాను, అందరిలాగే. ఇప్పుడు ఊహించుకోండి: మా ఊరి బడి వార్షికోత్సవానికి ఎవరో మాష్టారు ఆ పేజీని కాస్త సవరించి రెండు పుటల కరపత్రంగా, తెనాలిలో ఏదో ప్రెస్సులో వేయిద్దామనుకున్నారు. లైసెన్సు ప్రకారం ఆయన చేయాల్సినవి: మూలానికి లేని కొత్త శీర్షిక పెట్టాలి. ముఖ్య రచయితలు కనీసం ఐదుగురి పేర్లు వేయాలి. మార్పుల చరిత్ర అనే భాగం ఉండాలి. చివరగా ఆ లైసెన్సు పూర్తి పాఠాన్ని, అక్షరం మార్చకుండా జత చేయాలి. పూర్తి పాఠమంటే ఇంగ్లీషులో, కరపత్రం కంటే పొడుగ్గా. తెలుగు అనువాదం ఉన్నా చెల్లదు, ఆంగ్ల మూలమే ప్రమాణం. తెలుగు రెండు పుటలకి తోకగా ఐదారు పుటల ఇంగ్లీషు. ఆ మాష్టారు చేస్తారా? అలా చేసిన ఒక్క కరపత్రమూ నేను చూడలేదు. చట్టాన్ని కాదనాలని కాదు, చదవనే చదవరు. చదివితే అచ్చు వేయరు. ఉదాహరణ కోడ్‌కి పట్టిన గతే మా ఊరి పేరాకీ పట్టింది. పుస్తకం మొత్తంగా ఉన్నంతసేపు ఆ లైసెన్సు పెద్దమనిషిలా ఉంటుంది, ఒక ముక్క తుంచుకుని బయటికి నడిస్తే వెంటపడుతుంది.

ఆ ఐదుగురి పేర్ల నిబంధన మీద మాత్రం నాకు కోపం లేదు. రేపల్లె పాసింజరు ఆగే భట్టిప్రోలులో, 1892లో అలెగ్జాండర్ రే స్తూపం తవ్వితే రాతి పేటికలు దొరికాయి. క్రీస్తు పూర్వం నాటి ఆ శాసనాల్లో ధర్మబోధ కంటే పేర్లే ఎక్కువ. పేటిక చేయించిన కుర, అతని తల్లిదండ్రులు, ఒక గోష్ఠి, ఆ గోష్ఠి సభ్యులు ఒక్కొక్కరూ. కలిసి చేసిన పని కింద అందరి పేర్లూ చెక్కడం మా లైన్లో కొత్త సంగతేమీ కాదు. పేర్లు రాయమంటే రాస్తాం. ఐదారు పుటల పరభాషా షరతులు మోయమంటేనే కుదరదు.

ఈ పీట ముడి ఎలా విడిందో కూడా తమాషాగానే ఉంటుంది. వేల మంది రాసిన రాతల లైసెన్సు మార్చాలంటే వేల మంది అనుమతి కావాలి, అది జరిగే పని కాదు. అయితే జీఎఫ్‌డీఎల్‌లో, ఇకముందు వచ్చే రూపాలు కూడా వర్తించవచ్చనే ఏర్పాటు ఉంది. 2008 నవంబరు 3న ఫౌండేషన్ 1.3 రూపం తెచ్చింది. అందులో వికీల్లాంటి బహుకర్తృక సైట్లు తమ రాతల్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సుకి మార్చుకోవచ్చని ఒక కిటికీ తెరిచింది. గడువు 2009 ఆగస్టు 1. ఆ తర్వాత మూసేస్తారు. 2009 ఏప్రిల్లో వికీపీడియన్లు ఓట్లేశారు. 17 వేలకి పైగా ఓట్లు, నాలుగింట మూడు వంతులు మార్పుకి అనుకూలం. జూన్‌లో మార్పు అమల్లోకి వచ్చింది. అన్ని భాషలతో పాటు తెలుగుకీ. ఇక రేపల్లె పేజీ అచ్చు వేయాలంటే రాసినవాళ్ళని పేర్కొనాలి, అందుకు పేజీ లంకె ఇచ్చినా చాలు. లైసెన్సు పేరు చెప్పాలి. మార్పులు చేస్తే అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఒక లైనులో సరిపోతుంది. 2023లో దాన్నీ 4.0 రూపానికి మార్చారు.

కోడ్ వైపు మెల్లగానే తెలివొచ్చింది. మొజిల్లా వాళ్ళ వెబ్ డాక్యుమెంటేషన్లో 2010 ఆగస్టు 20 తర్వాత చేరిన నమూనా కోడ్ అంతా ఎవరి హక్కూ లేనిదని ప్రకటించారు, చుట్టూ ఉన్న వివరణకి మాత్రం వేరే లైసెన్సు. వాక్యానికి ఒకటి, కోడ్‌కి ఒకటి, ఒకే పేజీలో. నాకైతే ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది. పైథాన్ వాళ్ళు 2020లో, 3.8.6 నుంచి, తమ డాక్యుమెంటేషన్లోని ఉదాహరణలని జీరో క్లాజ్ బీఎస్‌డీ అనే లైసెన్సు కింద కూడా ఇచ్చారు. పేరు కూడా చెప్పనక్కర్లేదు, ఎత్తుకుపోండి అనేదే దాని సారం. ప్రశ్నలూ జవాబులూ ఉండే స్టాక్ ఓవర్‌ఫ్లో 2015 చివర్లో కోడ్‌కి విడిగా తేలిక లైసెన్సు పెడదామని ప్రయత్నించింది. సభ్యులు గొడవ చేశారు, ఆపేసింది. నేటికీ అక్కడినుంచి తెచ్చుకునే పది లైన్లు, మన తెలుగు వికీ వ్యాసం లాగే, పేరు చెప్పి అదే లైసెన్సుతో పంచుకోవాల్సినవి. హైటెక్ సిటీలో మూడొంతుల మంది రోజూ తెచ్చుకుంటారు, ఎవరు చెబుతున్నారు గనక?

అక్షరాల సంగతి చూస్తే ఇంకా తేలికగా తేల్చారు. గూగుల్ ఫాంట్స్‌లో తెనాలి రామకృష్ణ పేరుతోనే ఒక తెలుగు ఫాంటు ఉంది. సిలికానాంధ్ర ద్వారా ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చింది. ఫాంటు కూడా ఒక రకంగా ప్రోగ్రామే. ఆ లైసెన్సులో ఒక వాక్యం ఉంది: ఈ ఫాంటుతో తయారుచేసిన పత్రాలకి ఈ షరతులు వర్తించవు. సలహాగా కాదు, షరతుల్లో భాగంగానే. ఉదాహరణల గురించి మాన్యువళ్ళ లైసెన్సులో ఉండాల్సిన వాక్యం సరిగ్గా ఇదే. పెళ్ళిపత్రిక కొట్టించుకునేవాడిని వదిలేయాలన్న ఇంగితం ఫాంట్లవాళ్ళకి ముందే ఉంది.

ఇక నా పేరా సంగతి. 2007లో లేఖినిలో టైపు చేశానన్నాను కదా, దీర్ఘానికి ఒక అక్షరం తక్కువ నొక్కాను. "రైలు మార్గం" అనాల్సింది "రైలు మర్గం" అయింది. చూసుకోలేదు. 2014లో ఊరెళ్ళినప్పుడు మా పిన్నిగారబ్బాయి పోటీ పరీక్షలకి చదువుతున్న పుస్తకం ఒకటి తిరగేశాను, జిల్లాల సమాచారం. రేపల్లె పేరా దగ్గర కళ్ళు ఆగిపోయాయి. తెనాలి నుంచి రైలు మర్గం. నా వాక్యాలే, నా కామాలే. మొదటి పేజీలో, 2001 నాటి స్పైరల్ కట్ట మీదిలాగే, సర్వహక్కులు మావే, అనుమతి లేకుండా ఏ భాగాన్నీ కాపీ చేయరాదు. ఈసారి నవ్వొచ్చింది.

దాని మీద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడారు.

"నెట్‌లోదే కదండీ. ఫ్రీయే కదా."

"ఫ్రీయేనండీ. డబ్బులేం అక్కర్లేదు. తెలుగు వికీపీడియా నుంచి అని కింద ఒక్క లైను వేస్తే చాలు. లైసెన్సు పేరు కూడా."

"లైసెన్సు అంటే మా దగ్గర ట్రేడ్ లైసెన్సు ఉందండీ."

పావుగంట చెప్పాను. మాన్యువళ్ళ దగ్గర మొదలుపెట్టలేదు, అంత అమాయకత్వం లేదు. రాసినవాళ్ళు జీతం లేకుండా రాత్రుళ్ళు కూర్చుని రాశారండీ, అందులో బడి పంతుళ్ళున్నారు, రిటైరైనవాళ్ళున్నారు, వాళ్ళ పేర్లున్న పేజీకి దారి చూపిస్తే చాలు, ఇందులో నా పేరు కూడా అక్కర్లేదు అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు. అసలు తప్పుందని చెప్పడానికి చేశారా అని అడిగారు. తప్పు కూడా ఉంది, మార్గం దగ్గర దీర్ఘం పోయింది అన్నాను. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. వచ్చే ఎడిషన్లో తప్పకుండా చూద్దామండీ అన్నారు.

మరుసటి ఏడాది ఎడిషన్ తెనాలి స్టేషన్ బయట కొన్నాను. రేపల్లె పేరా అలాగే ఉంది, కింద లైనేమీ లేదు. "మార్గం" మాత్రం సరిచేశారు.